చొక్కా, రుబాష్కా, కోయ్‌లక్: బట్టల పేర్లతో ఒక భాషా పాఠం



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఇంగ్లిష్ టీచర్లను మీరు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమంటారా? తెలుగు మాట్లాడితే వెనకబడిపోతారేమో?" దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపేయడం కన్నా, ఒక చిన్న పాఠంతో చెప్పడం మేలనిపించింది. ఆ పాఠం కోసం మనకు దూరంగా ఉన్న రెండు భాషలను తీసుకుంటున్నాను: రష్యన్, ఉజ్బెక్. విషయం మాత్రం రోజూ మీ ఇంటి బీరువాలో కనిపించేదే. బట్టలు.

ఈ రెండు భాషలే ఎందుకంటే, ఒకే ఊళ్లో, ఒకే బడిలో, ఒకే ఆసుపత్రిలో వందేళ్లకు పైగా పక్కపక్కన బతికిన భాషలివి. ఒకటి పెద్ద ఉద్యోగాల భాష, ఇంకొకటి ఇంటి భాష. మన ఇంగ్లిష్, తెలుగుల సంగతి లాంటిదే. ఇంకో కారణం కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల నుంచి వైద్య విద్య కోసం తాష్కెంట్, సమర్‌కంద్, బుఖారా వెళ్తున్న పిల్లలున్నారు. అక్కడి ఆసుపత్రిలో పేషెంటుతో మాట్లాడాలంటే వాళ్లకు ఈ మాటలు కావాలి.

ముందుగా రెండు భాషల పరిచయం

రష్యన్ స్లావిక్ భాష. హిందీ, ఇంగ్లిష్ ఉన్న ఇండో యూరోపియన్ కుటుంబానికే చెందుతుంది. ఉజ్బెక్ తుర్కిక్ భాష, అంటే టర్కీ భాషకు బంధువు. మీ పిల్లల హిస్టరీ పుస్తకంలోని బాబర్ 1483లో పుట్టిన అందిజాన్ నేటి ఉజ్బెకిస్తాన్‌లోనే ఉంది. ఆయన తన ఆత్మకథను రాసుకున్న చగతాయ్ తుర్కీ, నేటి ఉజ్బెక్‌కు పూర్వరూపం. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి గారు కన్నుమూసిన తాష్కెంట్ ఆ దేశ రాజధాని.

1865లో రష్యా సైన్యం తాష్కెంట్‌ను పట్టుకుంది. 1924లో సోవియట్ యూనియన్‌లో ఉజ్బెక్ రిపబ్లిక్ ఏర్పడింది. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది. ఈ కాలంలో ఉజ్బెక్ రాసే లిపి కూడా మారుతూ వచ్చింది. మొదట అరబిక్ లిపి, 1920ల చివర్లో లాటిన్, 1940లో రష్యన్ వాళ్ల సిరిలిక్, 1993 చట్టంతో మళ్లీ లాటిన్. తాతయ్య చదివిన లిపిని మనవడు చదవలేకపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీరే ఊహించండి. లిపి ఎన్నిసార్లు మారినా మాటలు నిలిచాయి. ఎక్కువగా నిలిచింది ఇళ్లలోనే.

ఒక బట్ట, రెండు లెక్కలు

బట్టలను రష్యన్‌లో "ఒదేజ్దా" అంటారు, ఉజ్బెక్‌లో "కియిమ్" అంటారు. కియిమ్ అన్న మాట "కియ్‌మోక్" అనే క్రియ నుంచి పుట్టింది. దానికి అర్థం తొడుక్కోవడం. మనం "తొడుగు" అన్నట్టే.

మగవాళ్లు వేసుకునే చొక్కా రష్యన్‌లో "రుబాష్కా". ఆడవాళ్లు వేసుకునే గౌను "ప్లాత్యే". ఉజ్బెక్‌లో ఈ రెండింటికీ ఒకటే మాట: "కోయ్‌లక్". చొక్కానా, గౌనా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అలాగని ఉజ్బెక్‌లో మాటలు తక్కువ అనుకోకండి. ఏది వేరు చేసి చెప్పాలో ప్రతి భాషా తనకు తాను నిర్ణయించుకుంటుంది. మనకు పిన్ని, పెద్దమ్మ, అత్త వేరు వేరు. ఇంగ్లిష్‌లో అందరూ ఆంటీలే.

ఇప్పుడు ప్యాంటు సంగతి చూడండి. రష్యన్‌లో ప్యాంటును "బ్ర్యూకి" అంటారు. ఈ మాట ఎప్పుడూ బహువచనమే. ఇంగ్లిష్‌లో ట్రౌజర్స్, సిజర్స్ ఉన్నట్టే. రెండు కాళ్లున్నాయి కాబట్టి రెండు అన్న లెక్క. ఉజ్బెక్‌లో "షిమ్" ఏకవచనం. తెలుగులోనూ ప్యాంటు ఒకటే. అందుకే మన పిల్లలు ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో "ఎ ప్యాంట్" అని రాస్తారు. అది నిర్లక్ష్యం వల్ల వచ్చిన తప్పు కాదు, తెలుగు లెక్క ఇంగ్లిష్‌లోకి నడిచి వచ్చింది, అంతే. ఆ తేడాను ఒక్కసారి చూపిస్తే చాలు. "తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో జత" అని చెప్పిన తర్వాత పిల్లలు మళ్లీ తడబడరు.

ఇంకో సరదా విషయం. జీన్స్ అన్న మాట ఇంగ్లిష్‌లోనే బహువచనం. రష్యన్ వాళ్లు దాన్ని తీసుకుని తమ బహువచనం కూడా తగిలించి "జిన్సి" చేశారు. మనం "షూస్‌లు", "చిప్స్‌లు" అనడం లేదూ! ఉజ్బెక్‌లోకి కూడా జిన్సి రష్యన్ నుంచే వెళ్లింది.

విశేషణాల్లో మాత్రం తెలుగు, ఉజ్బెక్ ఒక పక్కన నిలబడతాయి. "కొత్త" అన్న మాటను తెలుగులో చొక్కాకైనా, కోటుకైనా, గౌనుకైనా మార్చం. ఉజ్బెక్‌లోనూ అన్నిటికీ "యాంగి" అంటే సరిపోతుంది. రష్యన్‌లో బట్ట పేరుకు కూడా లింగం ఉంది. కొత్త సూటు "నోవీ", కొత్త చొక్కా "నోవయా", కొత్త గౌను "నోవయే". రష్యన్ నేర్చుకునే తెలుగు పిల్లలకు మొదట కష్టంగా తోచేది ఇదే.

"వేసుకోవడం" ఎన్ని రకాలు?

ఈ పాఠంలో అసలు విషయం ఇక్కడుంది.

చీర కట్టుకుంటాం. చొక్కా తొడుక్కుంటాం. తలపాగా చుట్టుకుంటాం. శాలువా కప్పుకుంటాం. కళ్లజోడు పెట్టుకుంటాం. పూలు తురుముకుంటాం. గాజులు వేసుకుంటాం. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ "వేర్" అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుంది.

ఉజ్బెక్ ఇక్కడ మన దారిలోనే నడుస్తుంది. చొక్కా, బూట్లు, టోపీ అయితే "కియ్‌మోక్", తొడుక్కోవడం. చెవిపోగులు, కళ్లజోడు అయితే "తక్‌మోక్", తగిలించుకోవడం. తలపాగా, తలగుడ్డ అయితే "ఓరమోక్", చుట్టుకోవడం. నడుముకు కట్టే గుడ్డ అయితే "బోగ్లమోక్", కట్టుకోవడం. బట్ట ఒంటి మీదకు ఎలా వచ్చిందో క్రియే చెబుతుంది. మన అమ్మమ్మలు మాట్లాడే తెలుగూ అంతే.

రష్యన్ పట్టించుకునే తేడా వేరు. తను తొడుక్కోవడం "నదేత్", ఇంకొకరికి తొడగడం "అదేత్". ఈ రెండింటినీ రష్యన్లే కలగాపులగం చేస్తుంటారు. అందుకే నదేజ్దా అనే అమ్మాయి పేరును ఒదేజ్దా, అంటే బట్టలు అన్న మాటతో ప్రాస కలిపి, బళ్లో పిల్లలకు ఈ తేడాను గుర్తు పెట్టిస్తారు. నదేజ్దాకు మనం బట్టలు తొడుగుతాం, బట్టలను మనం తొడుక్కుంటాం అన్నది ఆ గుర్తు.

తనకు తాను చేసుకునే పనిని చూపించడానికి మూడు భాషలూ మాట చివర ఒక ముక్క చేరుస్తాయి. తెలుగులో "తొడగడం" కాస్తా "తొడుక్కోవడం" అవుతుంది. రష్యన్‌లో "అదేత్" కాస్తా "అదేత్‌స్యా" అవుతుంది. ఉజ్బెక్‌లో "కియ్‌మోక్" కాస్తా "కియిన్‌మోక్" అవుతుంది. మూడూ వేరు వేరు కుటుంబాల భాషలు. అయినా బిడ్డకు బట్టలు తొడగడానికీ, తాను తొడుక్కోవడానికీ తేడా చెప్పాలన్న అవసరం మూడింటికీ వచ్చింది.

ఇక ఇంగ్లిష్ క్లాసు సంగతికి వద్దాం. పిల్లలు గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ "వెయిట్, ఐ యామ్ వేరింగ్ మై షూస్" అంటారు. అక్కడ ఉండాల్సింది "పుటింగ్ ఆన్". బూట్లు కాళ్లకు ఎక్కిన తర్వాతి స్థితికే "వేరింగ్". ఈ తేడా తెలుగులో లేదా? ఉంది. "వేసుకుంటున్నాను" అంటే పని జరుగుతోంది. "వేసుకున్నాను" అంటే పని అయిపోయింది, ఒంటి మీద ఉంది. తెలుగు, ఉజ్బెక్ భాషలు క్రియ చివరను మార్చి ఈ తేడా చెబితే, ఇంగ్లిష్ క్రియనే మార్చేస్తుంది. రష్యన్ కూడా తొడుక్కోవడానికి ఒక క్రియ, రోజూ ధరించడానికి "నసీత్" అనే వేరే క్రియ వాడుతుంది. తెలుగులో ఈ తేడా స్పష్టంగా తెలిసిన బిడ్డకు ఇంగ్లిష్ తేడా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. తెలుగులోనే అన్నిటికీ "వేర్ చేసుకో" అని విన్న బిడ్డకు నేను రెండు భాషలూ కలిపి నేర్పాల్సి వస్తుంది.

విప్పడం, మర్యాద

బట్టలు విప్పడాన్ని ఉజ్బెక్‌లో "యెచ్‌మోక్" అంటారు. ముడి విప్పడానికీ అదే మాట. లెక్క చేయడానికీ అదే మాట. తెలుగులో చొక్కా విప్పుతాం, ముడి విప్పుతాం, పొడుపుకథ కూడా విప్పుతాం. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఆలోచన మాత్రం ఒకటే.

వైద్య విద్యార్థికి ఈ మాట మొదటి రోజుల్లోనే అవసరమవుతుంది. ఛాతీ పరీక్ష చేయాలంటే పెద్దాయనను చొక్కా విప్పమని అడగాలి. ఉజ్బెక్‌లో "కోయ్‌లగింగిజ్ని యెచింగ్". రష్యన్‌లో "స్నిమీత్యే రుబాష్కు". ఇందులో "ఇంగ్", "త్యే" అన్న చివరి ముక్కలు మన "అండి" చేసే పనే చేస్తాయి. అవి తీసేస్తే "విప్పు" అన్నట్టు ఉంటుంది. వయసులో పెద్ద పేషెంటుతో అలా అంటే, ఎంత చదువుకున్న డాక్టరైనా ఆ మంచం దగ్గర మర్యాద పోగొట్టుకున్నట్టే. ఇంగ్లిష్‌లో మాత్రమే పెరిగిన పిల్లలకు "యు" ఒక్కటే తెలుసు. ఇంట్లో నువ్వు, మీరు తేడా పాటిస్తూ పెరిగిన పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మాటను కట్టుకోవడం, మాటను తెచ్చుకోవడం

కొత్త వస్తువు వచ్చినప్పుడు భాషకు రెండు దారులుంటాయి. పక్కవాళ్ల మాట తెచ్చుకోవచ్చు, ఉన్న మాటలతో కొత్తది కట్టుకోవచ్చు. ఉజ్బెక్ రెండూ చేసింది.

ఓవర్‌కోటు "పాల్తో", సూటు "కోస్త్యుమ్", టీషర్టు "ఫుత్‌బోల్కా". ఇవి రష్యన్ నుంచి వచ్చాయి. మెడకు కట్టే టై మాత్రం రెండు పేర్లతో ఉంది. రష్యన్ నుంచి వచ్చిన "గల్‌స్తుక్" ఒకటి, సొంతంగా కట్టుకున్న "బోయిన్‌బోగ్" ఇంకొకటి. బోయిన్ అంటే మెడ, బోగ్ అంటే కట్టు. నడుముకు కట్టుకునేది "బెల్‌బోగ్", అంటే అచ్చంగా మన నడికట్టు. గల్‌స్తుక్ రష్యన్‌కి సొంత మాట అనుకునేరు. అది కూడా జర్మన్, డచ్ వైపు నుంచి వచ్చింది. దాని అసలు అర్థం మెడగుడ్డ.

చేతి తొడుగులు "కోల్‌కోప్". కోల్ అంటే చెయ్యి, కోప్ అంటే సంచి. కళ్లజోడు "కోజ్ఓయ్‌నక్". కోజ్ అంటే కన్ను, ఓయ్‌న అంటే అద్దం. కళ్లద్దాలు! ఇలాంటి మాటలు విన్నప్పుడు పిల్లలకు భాష ఎలా పని చేస్తుందో లోపలి నుంచి కనిపిస్తుంది.

ఎవరి మాట ఎవరిది?

రష్యన్ ఎప్పుడూ ఇచ్చేది, ఉజ్బెక్ ఎప్పుడూ పుచ్చుకునేది అనుకుంటే పొరపాటు. రష్యన్ బీరువా తెరిచి చూస్తే తుర్కిక్, పర్షియన్, అరబిక్ మాటలు బోలెడు కనిపిస్తాయి. బూటుకు పాత మాట "బష్మాక్", ఒకరకం టోపీ "కల్పాక్" తుర్కిక్ వైపు నుంచి వచ్చినవే. ఉజ్బెకిస్తాన్‌లోని కరకల్పాక్ ప్రజల పేరుకే నల్ల టోపీ అని అర్థం. ఉజ్బెక్ వాళ్ల కుట్టుపని టోపీ "దోప్పి". దాన్ని రష్యన్లు "త్యుబెతేయ్‌కా" అంటారు. ఆ మాటనూ వాళ్లు తాతార్ల నుంచే తీసుకున్నారు. రష్యన్ జానపద నృత్యాల్లో ఆడపిల్లలు వేసుకునే పొడవాటి "సరఫాన్" రష్యాకు గుర్తులాంటిది. దాని పేరు వెనక ఉన్నది పర్షియన్ "సరాపా", అంటే తల నుంచి పాదం వరకు.

"ఖలాత్" కథ ఇంకా బాగుంటుంది. మొఘల్ దర్బారులో రాజు గౌరవంగా కప్పే అంగీని ఖిల్లత్ అనేవారు. ఈ అరబిక్ మాట తుర్కిక్ భాషల మీదుగా రష్యన్‌కి చేరి "ఖలాత్" అయింది. అక్కడ ఇంట్లో వేసుకునే అంగీ అయింది, తర్వాత డాక్టర్ల తెల్ల కోటు అయింది. ఉజ్బెక్ వాళ్లకు తమ అంగీకి "తోన్", "చోపోన్" అన్న సొంత మాటలున్నాయి. ఆసుపత్రి కోటుకు మాత్రం రష్యన్ నుంచి ఖలాత్‌ను తీసుకుని "ఓక్ ఖలాత్", అంటే తెల్ల అంగీ అన్నారు. సమర్‌కంద్‌లో మన విద్యార్థి వేసుకునే తెల్ల కోటు, పేరును బట్టి చూస్తే, ఒకప్పటి రాజ గౌరవం.

మన మాటలూ ఆ ప్రయాణంలో ఉన్నాయి. పర్షియన్‌లో పాదం, బట్ట అన్న మాటలు కలిసి "పాయ్‌జామా" అయింది. అది మన దేశంలో పైజామా అయింది, ఇక్కడి నుంచి ఇంగ్లిష్‌కి వెళ్లింది, యూరప్ మీదుగా రష్యన్‌లో "పిజామా" అయింది, అక్కడి నుంచి ఉజ్బెక్‌కి చేరింది. తాష్కెంట్‌కి ఆ మాట లండన్ చుట్టి వచ్చిందన్నమాట!

అద్దకం వేసిన నూలు బట్టను ఉజ్బెక్‌లో "చిత్" అంటారు, రష్యన్‌లో "సీతెత్స్" అంటారు, ఇంగ్లిష్‌లో చింట్జ్ అంటారు. పాత తెలుగులో చీటిగుడ్డ. అన్నిటికీ మూలం మన దేశపు బట్టే. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి డచ్ వర్తకులు ఇలాంటి అద్దకపు బట్టలు ఓడలకెక్కించారు. రష్యన్‌కి ఆ మాట చేరింది డచ్ భాష ద్వారానే.

రుమాలు చూడండి. ఉజ్బెక్‌లో "రోమోల్" ఆడవాళ్లు తలకు కట్టుకునే గుడ్డ. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు తలకు చుట్టుకునేదాన్నీ రుమాలే అంటారు. చేతిలో పట్టుకునేది ఉజ్బెక్‌లో "దస్త్‌రోమోల్". పర్షియన్‌లో దస్త్ అంటే చెయ్యి. అంటే ఆంధ్రలో చేతిరుమాలు, తెలంగాణలో దస్తీ. రెండు ప్రాంతాల మాటలూ ఆ ఒక్క ఉజ్బెక్ మాటలో కలిసి ఉన్నాయి. ఇంట్లో నానమ్మ "దస్తీ" అంటే "అది ఓల్డ్ వర్డ్" అని నవ్వే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు. రష్యన్‌లో జాకెట్టును "కుర్త్కా" అంటారు. మన కుర్తా లాగే వినిపిస్తుంది. కానీ కుర్తా మనకు పర్షియన్ నుంచి వచ్చింది, కుర్త్కా రష్యన్‌లోకి పోలిష్ నుంచి వచ్చింది. పిల్లలు ఇలాంటి జతలు కనిపెట్టినప్పుడు మెచ్చుకోండి, ఆ తర్వాత నిఘంటువు తెరిపించండి.

మరి మన ప్రశ్నకు జవాబు?

సోవియట్ కాలంలో తాష్కెంట్ లాంటి నగరాల్లో చాలామంది తల్లిదండ్రులు పిల్లలను రష్యన్ మీడియం బడుల్లో చేర్పించారు. మంచి ఉద్యోగం రావాలంటే రష్యన్ కావాలి. వాళ్ల ఆలోచన తప్పని ఎవరం అనగలం? మనమూ అదే చేస్తున్నాం. 1989లో ఉజ్బెక్‌ను రాష్ట్ర భాషగా ప్రకటించారు. స్వాతంత్ర్యం తర్వాత కార్యాలయాల్లో ఉజ్బెక్ అవసరం పెరిగింది. అప్పుడు ఇంట్లో ఉజ్బెక్ విని పెరిగినవాళ్లు రెండు భాషలతోనూ బతకగలిగారు. ఇంట్లో కూడా రష్యన్ మాత్రమే మాట్లాడుతూ పెరిగినవాళ్లు తమ భాషను పెద్దయ్యాక పుస్తకాల్లో నేర్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి నా జవాబు ఇది. ఇంగ్లిష్ బాధ్యత బడిది. అది మేం చూసుకుంటాం. చదివిస్తాం, రాయిస్తాం, మాట్లాడిస్తాం. మీరు ఇంట్లో ఇంగ్లిష్ కథ చదివి వినిపిస్తే సంతోషం. కానీ "కట్టుకో, చుట్టుకో, కప్పుకో, తొడుక్కో" అన్న మాటలను నేర్పే అవకాశం బడికి లేదు. ఉదయం యూనిఫాం తొడిగేటప్పుడు, పండగనాడు లంగా ఓణీ కట్టేటప్పుడు, తాతయ్య కండువా సర్దుకునేటప్పుడు మాత్రమే ఆ మాటలు వస్తాయి. మీరు అనకపోతే బిడ్డ వాటిని ఇంకెక్కడా వినడు. అవి తెలిసిన బిడ్డకు ఇంగ్లిష్‌లో టై, ర్యాప్, డ్రేప్, పుట్ ఆన్ అన్న మాటలు పెట్టుకోవడానికి మనసులో గూళ్లు ముందే సిద్ధంగా ఉంటాయి.

ఈ నెల ఇంట్లో చేయించండి

1. బీరువా తెరిచి పది వస్తువులు బయట పెట్టండి. ఒక్కోదానికి సరైన తెలుగు క్రియ బిడ్డ చేత చెప్పించండి: పంచె, బెల్టు, వాచీ, టోపీ, చున్నీ, మేజోళ్లు, ఉంగరం... తెలియకపోతే అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడగమనండి.

2. "పుటింగ్ ఆన్", "వేరింగ్" మాటలతో మూడేసి ఇంగ్లిష్ వాక్యాలు రాయించండి. పక్కనే తెలుగు వాక్యం కూడా ఉండాలి.

3. ప్రపంచ పటం మీద పైజామా ప్రయాణాన్ని గీయించండి: పర్షియా, భారతదేశం, ఇంగ్లండ్, రష్యా, ఉజ్బెకిస్తాన్.

4. కోల్‌కోప్, కోజ్ఓయ్‌నక్ లాగా, హుడీకీ లెగ్గింగ్స్‌కీ ఉన్న తెలుగు మాటలతో కొత్త పేర్లు కట్టమనండి. వింతగా ఉన్నా ఫర్వాలేదు. మంచి పేర్లు క్లాస్ బోర్డు మీద పెడతాం.

పూర్తయిన కాగితాన్ని బిడ్డ డైరీలో పెట్టి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాట ఏదైనా మాకు కొత్తదైతే, ఎవరు చెప్పారో, ఏ ఊరి మాటో కూడా రాయండి. వచ్చే నెల క్లాసులో ఆ మాటతోనే పాఠం మొదలుపెడతాం.